ఏ కన్ను? ఎన్నాళ్ళ నుంచి?

(శ్రీకాకుళంలో మెడికల్ కోడింగ్, అంటే డాక్టరు రాసిన జబ్బుని బీమా బిల్లు కోసం కోడ్‌గా మార్చే పని, నేర్చుకుంటున్న డిగ్రీ, ఫార్మసీ విద్యార్థుల ముందు ఒక సీనియర్ కోడర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, కాస్త గట్టిగానే మాట్లాడతాను.

నన్ను పిలిచినప్పుడు మాస్టారు "మెడికల్ కోడింగులో ఉద్యోగాలు ఎలా ఉన్నాయో పిల్లలకి చెప్పమ్మా" అన్నారు. ఆ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మీ వీధిలోనే ఎవరో ఒకరు విశాఖలోనో, హైదరాబాదులోనో, చెన్నైలోనో ఈ పని చేస్తూ ఉంటారు. పండక్కి వచ్చినప్పుడు జీతం ఎంతో కూడా చెప్పేసి ఉంటారు. అందుకని నేను ఇవాళ ఒకే ఒక్క జబ్బు తీసుకుంటాను. కళ్ళ దురద. గంటసేపూ దాని గురించే.

గుండెపోటు ఉండగా, క్యాన్సర్ ఉండగా దురదేమిటి అనుకోవచ్చు. ప్రాణం మీదికి వచ్చే జబ్బయితే డాక్టరు నాలుగు పేజీలు రాస్తారు. ఏ రక్తనాళం, ఎంత మూసుకుంది, ఎప్పుడు మొదలైంది, అన్నీ ఉంటాయి. దురదకి మాత్రం రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. ఆ రెండు ముక్కల చార్టు, అంటే రోగి గురించి డాక్టరు రాసిన కాగితం, మీ ముందుకొచ్చినప్పుడే మీరు ఎలాంటి కోడరో తెలుస్తుంది. ఇంకోమాట. అరసవల్లికి ఇక్కణ్ణించి ఆటోలో వెళ్ళిపోవచ్చు. కళ్ళు చల్లగా ఉండాలని రథసప్తమికి రాత్రంతా క్యూలో నిలబడే జనం మనవాళ్ళు. కంటి జబ్బు చిన్నదని ఈ ఊళ్ళో ఎవరూ అనకూడదు.

ముందు రోగి నోటి మాట దగ్గర మొదలుపెడదాం. మనవాళ్ళు డాక్టరు దగ్గర కూర్చోగానే "కళ్ళు బాగోట్లేదండి" అంటారు. కాస్త కదిపి అడిగితే అందులోంచి ఐదారు మాటలు బయటికొస్తాయి. దురద ఒకటి. మంట ఒకటి. నలుసు పడ్డట్టు గరగర ఒకటి. నీళ్ళు కారడం, పొద్దున లేచేసరికి పుసులు కట్టి రెప్పలు అంటుకుపోవడం. ఇవన్నీ ఒకటి కావు. దురద ముందుంటే డాక్టరు మనసు అలర్జీ వైపు పోతుంది. మంట, గరగర ముందుంటే కళ్ళు పొడిబారడం వైపు చూస్తారు. పచ్చటి పుసులతో రెప్పలు అంటుకుంటే ఇన్‌ఫెక్షన్, అంటే మనం కళ్ళకలక అనేదాని వైపు చూస్తారు. ఒకదానిలో ఒకటి కలిసి ఉండటమూ మామూలే. అందుకే రోగి ఏ మాట వాడాడో ఆ మాటే కాగితం మీదికి రావాలి. "కంటి సమస్య" అని రాశారంటే ఆ ఐదారు మాటలూ అక్కడే చచ్చిపోయినట్టు.

అలర్జీలో దురద ఎందుకో ఒక్క నిమిషంలో చెప్తాను. ఫార్మసీ వాళ్ళకి తెలిసిందే. కంటి తెల్లగుడ్డు మీద, రెప్పల లోపల ఉండే పల్చటి పొర పేరు కంజంక్టైవా. అందులో మాస్ట్ కణాలు ఉంటాయి. పుప్పొడో, దుమ్ములో ఉండే పురుగుల తాలూకు పొడో ఒంటికి పడనివాళ్ళ కంట్లో పడితే ఆ కణాలు పగిలి హిస్టమిన్ వదులుతాయి. దురద, ఎరుపు, వాపు, నీళ్ళు, అన్నీ దాని పనే. ఓలోపటడిన్ లాంటి చుక్కలు హిస్టమిన్‌ని అడ్డుకుంటాయి, ఆ కణాల్ని కూడా పగలకుండా నిలబెడతాయి. దురద పెట్టింది కదా అని నులుముకుంటే ఇంకాసిని కణాలు పగులుతాయి, దురద ఇంకా పెరుగుతుంది. "ఓరి బావూ, కళ్ళు నులమకురా" అని మా అమ్మ అరిచేది. ఆ మాట వెనక ఇంత శాస్త్రం ఉందని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

ఇప్పుడు మన జిల్లా మనుషుల్నే ఇద్దర్ని ఊహించుకోండి. ఒకామె పలాసలో జీడిపిక్కల పనికి వెళ్తుంది. పిక్కలు కాల్చేచోట పొగ కళ్ళకి తగిలి ఎర్రబడ్డాయి, మండుతున్నాయి, నీళ్ళు కారుతున్నాయి. ఇంకొకాయన కళ్ళంలో వరి నూర్చేటప్పుడు ఆ దూగరకి ప్రతి ఏడూ కళ్ళు దురదపెట్టి, దాంతోపాటు తుమ్ములు, ముక్కు కారడం. దూరం నుంచి చూస్తే ఇద్దరి కళ్ళూ ఒకే ఎరుపు. కానీ జీడితొక్కులోని నూనె ఒంటిమీద పడితే చర్మం పొక్కిపోతుందని మీకు తెలుసు. దాని పొగ కంటిని నేరుగా రేపుతుంది. ఆమెది ఘాటుకి రేగిన కన్ను, ఆయనది అలర్జీ అయ్యుండొచ్చు. డాక్టరు ఆమెకి అక్యూట్ టాక్సిక్ కంజంక్టివైటిస్, అంటే ఘాటు పదార్థం తగిలి ఉన్నట్టుండి వచ్చిన కంజంక్టైవా వాపు, అని రాస్తే కోడ్ హెచ్10.21 కుటుంబంలోకి వెళ్తుంది. దానికన్నా ముందు ఏ పదార్థం వల్ల వచ్చిందో చెప్పే టీ కోడ్ పెట్టమని కోడ్ పుస్తకంలోనే సూచన ఉంటుంది. ఆయనకి అలర్జిక్ అని రాస్తే వేరే ఇల్లు. ముక్కు సంగతి కూడా డాక్టరు అలర్జిక్ రైనైటిస్ అని రాసుంటే జే30 లోంచి ఇంకో కోడ్. ఎరుపు ఒకటే, కారణం వేరు, కోడ్ వేరు. ఆ కారణం అడగాల్సింది, రాయాల్సింది పరీక్ష చేసిన మనిషి. మనం కాదు.

సరే, పుస్తకంలోకి వెళ్దాం. మీరు ఉద్యోగంలో వాడబోయేది ఐసీడీ-10-సీఎం, అంటే ప్రతి జబ్బుకీ ఒక కోడ్ ఇచ్చే జాబితా. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. 70 వేలకి పైగా కోడ్‌లు. ఏటా అక్టోబరు 1న మారుతుంది కాబట్టి పాత పుస్తకం మీద ప్రేమ పెట్టుకోకండి. దీని తాతముత్తాతల్ని వెతుక్కుంటూ పోతే 1893లో బెర్టిల్యోన్ అనే ఫ్రెంచి గణాంకవేత్త తయారుచేసిన మరణ కారణాల జాబితా దగ్గర తేలతాం. చనిపోయినవాళ్ళని లెక్కపెట్టడానికి పుట్టిన జాబితా ఇవాళ కంటి దురద దాకా వచ్చింది.

ఇండెక్స్‌లో కంజంక్టివైటిస్ కింద అలర్జిక్ చూడండి. వేరే మాటేమీ లేకపోతే అక్యూట్ ఎటోపిక్ (ఎటోపిక్ అన్నా అలర్జీ తత్వమే) దగ్గరికి పంపిస్తుంది, అంటే హెచ్10.1. అక్కడితో ఆగితే కోడ్ చెల్లదు, ఇంకో అంకె కావాలి. కుడి కన్నయితే హెచ్10.11, ఎడమ అయితే హెచ్10.12, రెండూ అయితే హెచ్10.13. ఏ కన్నో తెలియకపోతే హెచ్10.10. ఆ సున్నాని చూసి మా ఆడిటర్లు ముఖం చిట్లిస్తారు. కన్ను చూసిన డాక్టరుకి ఏ కన్ను చూశాడో తెలియకపోవడం ఏమిటి? దీర్ఘకాలికం అని రాస్తే హెచ్10.45. వెర్నల్ అని రాస్తే హెచ్10.44. ఈ రెండిటికీ కుడిఎడమలు లేవు, ఐదో స్థానంతో అయిపోతుంది. కొత్తవాళ్ళు అలవాటులో హెచ్10.45 పక్కన 3 తగిలిస్తారు. అలాంటి కోడ్ లేదు, బీమా కంపెనీ నుంచి క్లెయిమ్ వెనక్కొస్తుంది.

అక్యూట్‌కీ క్రానిక్‌కీ, అంటే దీర్ఘకాలికానికీ, మధ్య గీత ఎక్కడ అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అడుగుతారు. ఆరు వారాలా, మూడు నెలలా అని. డాక్టరు ఆ మాట రాస్తేనే క్రానిక్. "రెండేళ్ళ నుంచి దురద" అని హిస్టరీలో ఉన్నా సరే, కోడర్ క్యాలెండర్ ముందేసుకుని దీర్ఘకాలికమని తీర్మానించడానికి వీల్లేదు.

వెర్నల్ దగ్గర ఇంకో గొయ్యి ఉంది. ఈ జబ్బు ఎక్కువగా మగపిల్లల్లో, పదేళ్ళ లోపు మొదలవుతుంది, వేడి ప్రాంతాల్లో ఎక్కువ. పేరులో వసంతం ఉంది గానీ మన ఎండలకి ఏడాది పొడుగునా ఉండే పిల్లలూ ఉంటారు. పై రెప్ప తిప్పి చూస్తే గులకరాళ్ళు పరిచినట్టు బొడిపెలు కనిపిస్తాయి. నల్లగుడ్డు అంచున తెల్లటి చుక్కలు. పుసి తీగలా సాగుతుంది. నల్లగుడ్డు మీది పొర, అంటే కార్నియా కూడా దెబ్బతిని డాక్టరు వెర్నల్ కెరటోకంజంక్టివైటిస్, అంచూ కార్నియా కూడా పాడయ్యాయి అని రాస్తే అది హెచ్10లో ఉండదు. హెచ్16.26 లోకి వెళ్ళిపోతుంది. కుడి అయితే హెచ్16.261, ఎడమ 262, రెండూ 263. ఇదీ హెచ్10.44 కలిపి పెట్టకూడదని ఎక్స్‌క్లూడ్స్ 1 నోట్ ఉంది. "కెరటో" అన్న మూడక్షరాలు ఉన్నాయా లేవా అన్నదాని మీద అధ్యాయంలో వీధే మారిపోతుంది. అందుకే డాక్టర్లతో మాట్లాడే అవకాశం వచ్చినప్పుడల్లా చెప్తాను, ఆ మూడక్షరాలు తినేయకండి సార్ అని.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. రోజుకి ఇన్ని చార్టులని లెక్క ఉండేది, సాయంత్రం నాలుగయ్యేసరికి వేళ్ళు వాటంతటవే నడిచేవి. ఒక చార్టు వచ్చింది. ఔట్‌పేషెంట్, అంటే ఆస్పత్రిలో చేరకుండా చూపించుకుని వెళ్ళిన రోగి. చీఫ్ కంప్లైంట్: ఐ ఇచింగ్, రెండు వారాలు. పరీక్షలో కంజంక్టైవా ఎర్రగా ఉందని ఒక లైను. అసెస్‌మెంట్‌లో, అంటే డాక్టరు తన నిర్ణయం రాసేచోట, "రూల్ అవుట్ అలర్జీ", అంటే అలర్జీయో కాదో తేల్చుకోవాలని. ప్లాన్‌లో ఓలోపటడిన్ చుక్కలు, నెల తర్వాత రమ్మన్నారు. అంతే. నేను అర నిమిషంలో హెచ్10.13 కొట్టేశాను.

ఆడిట్‌లో ఎర్రగీత పడింది. ఒక్క కోడ్‌కి రెండు తప్పులు. ఔట్‌పేషెంట్ చార్టులో "ప్రాబబుల్", "సస్పెక్టెడ్", "రూల్ అవుట్" అని ఉంటే ఆ జబ్బుని కోడ్ చేయకూడదు, తేలినంత వరకు, అంటే లక్షణాన్ని, కోడ్ చేయాలి. ఆస్పత్రిలో చేరి డిశ్చార్జి అయిన రోగికి నియమం వేరు, అక్కడ డిశ్చార్జి నాటికి ఇంకా అనుమానంగా రాసినా ఉన్నట్టే కోడ్ చేస్తాం. ఈ రెండిటినీ కలగాపులగం చేసుకోకండి, పరీక్షలో తప్పకుండా అడుగుతారు. రెండో తప్పు, రెండు కళ్ళు అని ఆ చార్టులో ఎక్కడా లేదు. అలర్జీ సాధారణంగా రెండు కళ్ళకీ వస్తుందని నాకు తెలుసు, ఆ తెలివిని రోగి కంట్లోకి తోశాను.

నేను ఊరుకోలేదు, వాదించాను. "దురద, ఎరుపు, ఓలోపటడిన్. ఆ మందు ఇంకెందుకిస్తారండీ?" అన్నాను. ఆ ఆడిటరు పెద్దావిడ, రాజాం వైపు ఆవిడ. కోప్పడలేదు. "మందు ఇచ్చింది డాక్టరే కదమ్మా. ఎందుకిచ్చాడో రాయాల్సింది కూడా ఆయనే" అంది. ఆ రాత్రి బస్సులో ఇంటికి వస్తూ అదే ఆలోచించాను. నేను కొట్టిన ఐదు అక్షరాలతో ముక్కూమొహం తెలియని ఒక మనిషి రికార్డులోకి అలర్జీ వచ్చి కూర్చుంది. రేపు ఆ మనిషి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే, "ఓహో, అలర్జీ ఉంది కదా" అని అక్కణ్ణించే మొదలుపెడతారు. ఆ "ఉంది" నేను పుట్టించింది. డబ్బు తప్పుగా రావడం, రాకపోవడం అటుంచండి. అది మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మరి అలాంటప్పుడు ఏం చేయాలి? క్వెరీ పెట్టాలి. డాక్టర్ని అడగాలి. అడగడంలో మర్యాదతో పాటు నిజాయితీ కూడా ఉండాలి. "డాక్టర్ గారూ, ఇది అలర్జిక్ కంజంక్టివైటిసే కదా, రెండు కళ్ళకీ కదా?" అంటే అది ప్రశ్న కాదు, సాక్షికి జవాబు అందించడం. బిజీగా ఉన్న డాక్టరు "ఎస్" అని పడేస్తారు. ఇలా రాయండి: "కంటి దురద రెండు వారాలుగా ఉన్నట్టు, కంజంక్టైవా ఎర్రగా ఉన్నట్టు, ఓలోపటడిన్ రాసినట్టు చార్టులో ఉంది. ఈ మందు ఏ పరిస్థితికి రాశారో, ఏ కంటికో తెలియజేయగలరు." చార్టులో కనిపించిందే చెప్పారు, జవాబు ఆయనకే వదిలేశారు. కావాలంటే రెండు మూడు అవకాశాలు రాసి, వాటితోపాటు "ఇతర", "నిర్ధారించలేము" కూడా పెట్టొచ్చు. ఈ క్వెరీ రాయడం మీకు ఎవరూ సరిగ్గా నేర్పరు. కోడ్‌లు బట్టీ పట్టించినంత శ్రద్ధగా ఇది కూడా నేర్పాలని నా పట్టుదల.

ఒక్క వెసులుబాటు ఉంది. జబ్బు పేరు డాక్టరు రాసి, ఏ వైపో రాయకపోతే, అది నర్సో ఇంకో వైద్య సిబ్బందో రాసిన నోట్‌లో ఉంటే అక్కణ్ణించి తీసుకోవచ్చు. ఇద్దరూ చెరో వైపు రాస్తే మళ్ళీ డాక్టర్నే అడగాలి. చేతిరాత చార్టులు వస్తే ఓడీ, ఓయూ దగ్గర ఆగండి. ఓడీ అంటే కుడి కన్ను, ఓఎస్ ఎడమ, ఓయూ రెండూ. తొందరలో రాసిన డీకి పై గీత కలవకపోతే అచ్చం యూలా ఉంటుంది. నేను పెద్దది చేసి స్క్రీన్ మీద వేలు పెట్టి చూసిన రోజులున్నాయి.

కంప్యూటర్ చార్టుల్లో ఇబ్బంది వేరు. పైన హిస్టరీలో "కళ్ళు ఎర్రబడి, వాచి, విపరీతమైన దురద". కింద పరీక్షలో "కళ్ళు: సాధారణం, ఎరుపు లేదు". కింది లైను టెంప్లేట్‌లోంచి వచ్చింది, డాక్టరు మార్చడం మర్చిపోయారు. బీమా కంపెనీ వాళ్ళు చార్టు తెప్పించుకుంటే మొదట చూసేది ఇదే. వాళ్ళకన్నా ముందు మనం చూడాలి.

(ఈ సమయంలో ఒక విద్యార్థిని లేచి, "మేడం, ఇదంతా అమెరికా రోగుల కోసం కదా, మన ఊళ్ళో ఇవన్నీ ఎవరు రాస్తారు?" అని అడిగింది.)

కూర్చోమ్మా. మంచి ప్రశ్న. దీనికి జవాబు మా ఇంట్లోంచే చెప్తాను.

మా అన్నయ్య కొడుకు. పొందూరు దగ్గర పల్లె. వాడికి ఆరేళ్ళప్పటి నుంచి వేసవి వస్తే చాలు కళ్ళు దురద. పిడికిళ్ళతో నులిపేసుకునేవాడు. మా వదిన మందుల షాపుకి వెళ్తే చుక్కల మందు ఇచ్చారు. రెండు రోజుల్లో తగ్గింది. మళ్ళీ వచ్చింది. ఖాళీ సీసా పట్టుకెళ్ళి "ఇదే ఇవ్వండి" అంది. ఇచ్చారు. అలా మూడేళ్ళు. చీటీ లేదు, కాగితం లేదు. నేను నగరంలో కూర్చుని రోజంతా అమెరికా వాళ్ళ కళ్ళకి కుడీ ఎడమా వెతుకుతున్నాను. మా మేనల్లుడి కంట్లో ఏం పోస్తున్నారో నేను అడగలేదు.

వాడు బోర్డు కనపడట్లేదంటే విశాఖ తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. డాక్టరు రెప్ప తిప్పి చూశారు, కంటి ప్రెషర్ చూశారు. ఎక్కువగా ఉంది. "ఏ చుక్కలు వాడారు? రోజుకి ఎన్నిసార్లు? ఎన్నాళ్ళు?" అన్నారు. అన్నయ్య వదిన మొహం చూశాడు. వదిన "తెల్ల మూత సీసా అండి" అంది. అంతకుమించి ఆమె దగ్గర ఏమీ లేదు. సంచీలో అడుగున ఒక పాత సీసా దొరికితే లేబుల్ సగం చిరిగిపోయి ఉంది. డాక్టరు దాన్ని లైటు దగ్గర పెట్టి తిప్పి తిప్పి చదివారు. స్టీరాయిడ్ చుక్కలు.

స్టీరాయిడ్ చుక్కలు చెడ్డ మందు కాదు, వెర్నల్ ముదిరితే డాక్టర్లే రాస్తారు. కానీ కొన్నాళ్ళకే, ప్రెషర్ చూసుకుంటూ రాస్తారు. చూడకుండా నెలల తరబడి వాడితే కొందరిలో కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. అదే గ్లాకోమా. ఐసీడీలో దీనికి హెచ్40.6 అని ప్రత్యేకంగా ఒక వర్గమే ఉంది, మందుల వల్ల వచ్చిన గ్లాకోమా అని. దానితో పాటు ఏ మందు వల్లో చెప్పే కోడ్ ఇంకొకటి పెట్టాలి. ఆ వర్గంలో నేను చాలా చార్టులు కోడ్ చేశాను. మా వాడి ఫైలు చేతిలో పట్టుకుని ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ అంకెలన్నీ కళ్ళముందు తిరిగాయి. అదృష్టం, వాడి నరం నిలబడింది. మందు మార్చారు, ప్రెషర్ దిగింది. మూడు నెలలకోసారి ఇప్పటికీ వెళ్తున్నాం.

ఆ రోజు నుంచి మా వదిన దగ్గర ఒక చిన్న నోటుబుక్కు ఉంది. నేనే గళ్ళు గీసి ఇచ్చాను. తేదీ, ఏ కన్ను, దురదా మంటా, మందు పేరు, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపాలి. ఆమె చదివింది ఐదో తరగతి. తేదీ తప్పకుండా రాస్తుంది.

ఇక మన ఊళ్ళో ఎవరు రాస్తారు అన్నదానికి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. కాగితం సరిగ్గా ఉంటేనే పేదవాడి వైద్యానికి డబ్బు వస్తుందని ఈ జిల్లా ఆస్పత్రులు అప్పుడే నేర్చుకోవాల్సి వచ్చింది. 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వచ్చింది, 14 అంకెల ఆభా నంబరుతో రికార్డులు ఒకచోటికి చేర్చే పని నడుస్తోంది. నంబరు ఉన్నంత మాత్రాన లోపల ఏముంటుంది? ఎవరైనా రాస్తేనే ఉంటుంది. ఆ రాసేచోట, చూసేచోట మీలాంటివాళ్ళు కావాలి. మీలో సగం మంది ఫార్మసీ వాళ్ళు. రేపు మీ షాపు ముందుకి ఖాళీ సీసాతో ఒకావిడ వస్తుంది. "ఎవరు రాశారమ్మా ఇది? చీటీ ఉందా?" అని మీరు అడగాలి.

ఇప్పుడు మీకు ఇచ్చిన కాగితాల్లో మూడోది తీయండి. తొమ్మిదేళ్ళ అబ్బాయి చార్టు, నేను తయారుచేసిందే. హిస్టరీలో రెండు కళ్ళూ దురద అని ఉంది. పరీక్షలో కుడి కంటి గురించే ఉంది, అంచున తెల్లచుక్కలు, కార్నియా మీద మరకలు. అసెస్‌మెంట్‌లో "వెర్నల్ కంజంక్టివైటిస్" అని మాత్రమే ఉంది. చుక్కల మందు పేరుంది, ఎన్ని రోజులో లేదు. పది నిమిషాలు ఇస్తున్నాను. కోడ్ పుస్తకం ఇంకా తెరవకండి. డాక్టర్ని ఏమేం అడగాలో ముందు పెన్సిల్‌తో పక్కన రాయండి.